నలభై మందితో పున్నమి చంద్రోదయం: ఏ సాయంత్రం, ఏ గట్టు

మీరు అడిగింది ఇది. అమలాపురంలో మీ వీధివాళ్లు పిల్లా పెద్దా కలిపి నలభై మంది ఈ కార్తిక పౌర్ణమికి చంద్రోదయం చూడడానికి వెళ్లాలనుకుంటున్నారు. పోయిన కార్తిక పౌర్ణమికి బస్సు మాట్లాడుకుని అంతర్వేది వెళితే చంద్రుడు సముద్రంలోంచి రానేలేదు. చూసేసరికే తెల్లగా, చిన్నగా, కొబ్బరిచెట్ల మీద ఉన్నాడు. “దీనికా ఇంత దూరం తీసుకొచ్చారు” అని పెద్దవాళ్లు సణిగారు. ఈసారి ఎక్కడికి వెళ్లాలి, ఎన్నింటికి వెళ్లాలి, ఏమేం చూసుకోవాలి?

ముందు తీర్పు చెప్పేస్తాను. కార్తిక పౌర్ణమి దీపాలకు ఎప్పుడూ మంచిదే, చంద్రోదయానికి మాత్రం ఈ ఏడాది, అంటే 2026లో, అంత మంచిది కాదు. దీపాలు నవంబరు 24న వదలండి. చంద్రుణ్ణి చూడడానికి డిసెంబరు 24 గురువారం సాయంత్రం కాకినాడ తీరానికి వెళ్లండి. క్యాలెండరులో ఆ సాయంత్రం పౌర్ణమి అని కూడా ఉండదు, పాడ్యమి అని ఉంటుంది. కంగారు పడకండి, తేదీ సరైనదే. ఎందుకో వివరంగా చెబుతాను. ఈ లెక్క ఒకసారి పట్టుబడితే వచ్చే ఏడాది నుంచి ఎవరినీ అడగనక్కర్లేదు.

నేను బడిలో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లల్నీ, తరవాత వాళ్ల తల్లిదండ్రుల్నీ, ఇప్పుడు ఆ పిల్లల పిల్లల్నీ వెన్నెల సాయంత్రాల్లో ఏటిగట్టుకు తీసుకెళ్లడం నాకు అలవాటు. అందుకని కాస్త అధికారంగా మాట్లాడితే ఏమీ అనుకోకండి.

పౌర్ణమి మనకు ఒక రోజు. ఆకాశంలో అది ఒక్క క్షణం. చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా, 180 డిగ్రీల దూరంలోకి వచ్చే క్షణం. పంచాంగంలో పౌర్ణమి తిథి ముగిసే సమయమని వేసేది దాన్నే. తిథి అంటే చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు జరగడానికి పట్టే కాలం. అలాంటివి పదిహేను పూర్తయితే 180 నిండుతాయి. కాబట్టి గోడ మీది క్యాలెండరులో తిథి పక్కన చిన్న అక్షరాల్లో ఉండే గంటలూ నిమిషాలూ పూజారిగారికి మాత్రమే పనికొచ్చేవి కావు. చంద్రోదయం చూడాలనుకునేవాళ్లు ముందు చదవాల్సింది అక్కడే.

ఆ క్షణం సాయంత్రం పొద్దుగుంకే వేళకే వచ్చిందనుకోండి, పడమట సూర్యుడు దిగడం, తూర్పున చంద్రుడు లేవడం దాదాపు ఒకేసారి జరుగుతాయి. తిథి అంతకుముందే ముగిసి ఉంటే, గడిచిన ఒక్కో గంటకు సుమారు రెండు నిమిషాల చొప్పున చంద్రుడు ఆలస్యంగా వస్తాడు. ఇంకా ముగియకపోతే అదే లెక్కన ముందుగా వస్తాడు. రోజు మొత్తానికి ఈ తేడా దాదాపు 50 నిమిషాలు. చంద్రుడి దారి సూర్యుడి దారికి అయిదు డిగ్రీలు వాలి ఉంటుంది, నడక వేగం కూడా రోజూ ఒకటి కాదు. అందువల్ల ఈ లెక్క అయిదు పది నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. రోజు ఎంచుకోవడానికి ఇది చాలు. బయలుదేరే ముందు మాత్రం మీ ఊరి చంద్రోదయ సమయాన్ని పంచాంగంలోనో ఫోనులో ఏదైనా యాప్‌లోనో సరిచూసుకోండి.

ఇక అసలు ప్రశ్న. సూర్యాస్తమయానికీ చంద్రోదయానికీ మధ్య ఎంత తేడా ఉంటే చూడడానికి బాగుంటుంది? నా మాట అడిగితే పది నుంచి పాతిక నిమిషాలు. అంతకంటే ముందొస్తే ఆకాశం ఇంకా వెలుగుగా ఉంటుంది. చంద్రుడు వచ్చిన సంగతే తెలియదు. కాసేపటికి ఎవరో “అదుగో” అంటే తలెత్తి చూస్తాం, పాలిపోయిన సున్నపు ముద్దలా అప్పటికే పైన ఉంటాడు. మీకు పోయినేడు జరిగింది ఇదే. 2025 నవంబరు 5న పౌర్ణమి తిథి సాయంత్రం ఆరున్నర దాటాక గానీ ముగియలేదు. అంటే సూర్యుడు దిగకముందే చంద్రుడు లేచేశాడు. మీరందరూ అప్పుడు పడమటి వైపు తిరిగి సూర్యాస్తమయం ఫొటోలు తీసుకుంటూ ఉండి ఉంటారు. జనం ఎక్కడైనా అంతే.

పాతిక నిమిషాల కంటే ఆలస్యమైతే ఇంకో చిక్కు. చంద్రుడు బ్రహ్మాండంగా కనిపిస్తాడు గానీ చుట్టూ చీకటి. నీళ్లు, చెట్లు, పడవలు, పక్కనున్న మనుషుల ముఖాలు ఏవీ కనిపించవు. పిల్లల్ని లెక్కపెట్టుకోవడమే ఒక పని. పది, పాతిక నిమిషాల మధ్య అయితే తూర్పు ఆకాశం నీలం, గులాబీ రంగుల్లో ఉంటుంది, నేల మీద వస్తువులు ఇంకా తెలుస్తుంటాయి, చంద్రుడు తన రంగుతోనే పైకి వస్తాడు.

ఈ ఏడాది నవంబరు 24న తిథి రాత్రి 8.20 దాటాక ముగుస్తుంది. అంటే చంద్రుడు మళ్లీ ముందొస్తాడు, సూర్యాస్తమయానికి పావుగంట ముందే. మర్నాడు 25న వెళదామంటే చీకటి పడ్డాక వస్తాడు. ఈ కార్తికానికి రెండు రోజులూ కుదరవు. డిసెంబరులో మార్గశిర పౌర్ణమి తిథి 24 ఉదయం ఏడు గంటల ప్రాంతంలో ముగుస్తుంది. అందుకే పండగ లెక్కలో దత్త జయంతి 23న వస్తుంది. ఆ 23 సాయంత్రం చంద్రుడు పగటి వెలుగులోనే లేచేస్తాడు. 24 సాయంత్రానికి తిథి ముగిసి పదిన్నర గంటలవుతుంది. సూర్యుడు 5.35 ప్రాంతంలో అస్తమిస్తే, చంద్రుడు పావుగంట ఇరవై నిమిషాల తరవాత వస్తాడు. మర్నాడు క్రిస్మస్ సెలవు కూడా. ఇంతకంటే ఏం కావాలి?

ఆ రోజు వార్తల్లో “సూపర్‌మూన్” అని ఊదరగొడతారు. నిజమే, ఈ ఏడాది పౌర్ణముల్లో చంద్రుడు భూమికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది అదే. కానీ అతి దగ్గరి పున్నమికీ అతి దూరపు పున్నమికీ అడ్డకొలతలో తేడా 14 శాతం. పక్కపక్కన పెట్టి చూపిస్తే తెలుస్తుంది. ఆకాశంలో పక్కన పెట్టడానికి రెండో చంద్రుడు లేడు. మీ వాళ్లకు ముందే చెప్పేయండి, లేకపోతే బకెట్టంత చంద్రుడు వస్తాడని ఎదురుచూస్తారు.

రెండో లెక్క దిక్కు. చంద్రుడు తూర్పున ఉదయిస్తాడని అందరికీ తెలుసు. ఆ తూర్పు ఏడాది పొడవునా ఒకచోట ఉండదు. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురు కాబట్టి ఋతువుల్లోనూ ఎదురే. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు ఉదయిస్తాడు, పున్నమి చంద్రుడు ఈశాన్యం వైపు వస్తాడు. వేసవిలో తారుమారు. మన అక్షాంశంలో కార్తిక పౌర్ణమి చంద్రుడు నికరమైన తూర్పుకు ఉత్తరంగా సుమారు ఇరవై డిగ్రీల పక్కన లేస్తాడు. ఈ రెండు మూడేళ్లలో చంద్రుడి దారి వాలు కలిసివచ్చి ఇంకా ఉత్తరానికి పోతున్నాడు. ఈ డిసెంబరులో దాదాపు ముప్పై డిగ్రీలు. ఈ ఊగిసలాటకు పద్దెనిమిదిన్నర ఏళ్ల చక్రం ఉంది, 2024-25 ప్రాంతం దాని కొస.

ఇప్పుడు మన తీరం పటం ఒకసారి చూడండి. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా ఒడ్డు తిన్నగా ఉత్తర దక్షిణాలుగా ఉండదు. తూర్పు ఈశాన్యం వైపు పరుచుకుని ఉంటుంది, సముద్రం ఎక్కువగా దక్షిణాన ఉంటుంది. అంతర్వేది ఇసుకలో నిలబడి కార్తిక చంద్రుణ్ణి వెతికితే అతడు వచ్చేది ఒడ్డు వెంబడే, సరుగుడు తోటల మీదుగా, కొబ్బరిచెట్ల మీదుగా. సముద్రంలోంచి రాడు. ఇది మీ తప్పూ కాదు, అంతర్వేది తప్పూ కాదు. ఆ తీరం వేసవిది. ఫాల్గుణం దాటాక అక్కడికి వెళ్లండి, వైశాఖంలో అయితే మరీ మంచిది. 2027 మే 20 వైశాఖ పౌర్ణమి తిథి సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ముగుస్తుంది. చంద్రుడు పొద్దుగుంకిన కొద్ది నిమిషాలకే ఆగ్నేయాన, నికరంగా నీళ్ల మీద లేస్తాడు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం, మూడూ దానికి బాగుంటాయి. ఆ తేదీ రాసి పెట్టుకోండి.

చలికాలపు చంద్రుడికి కాకినాడ వైపు తీరం కావాలి. కాకినాడ నుంచి ఉప్పాడ దిశగా ఒడ్డు ఈశాన్యానికి ఎక్కుతూ పోతుంది, అందుకని ఎంత ఉత్తరంగా లేచినా చంద్రుడు సముద్రం మీదే ఉంటాడు. లంగరు వేసిన ఓడల దీపాలు కూడా కనిపిస్తాయి, పిల్లలకు అదో సరదా. కాకినాడ ఊరికి ఆనుకుని హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండే దక్షిణపు భాగం వదిలేసి, ఉత్తరంగా ఉన్న బీచ్‌కు వెళ్లండి. ఉప్పాడ దాకా మాత్రం వద్దు. అక్కడ సముద్రం ఏళ్ల తరబడి ఒడ్డును కోస్తోంది, రోడ్డు పక్కన నలభై మంది నిలబడడానికి చోటు చాలదు. అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళ్లాలి. రెండు గంటలు చేతిలో పెట్టుకోండి, సెలవు ముందు రోజు కాబట్టి ఇంకో అరగంట కలుపుకోండి. నాలుగున్నరకల్లా తీరంలో ఉండాలి.

అంత దూరం పెద్దవాళ్లతో కష్టమంటే నది ఉంది. నా మట్టుకు నాకు సముద్రం కంటే ఏటిగట్టే ఇష్టం. ఎత్తుగా ఉంటుంది, నడవడానికి చదునుగా ఉంటుంది, కుర్చీలు వేసుకోవచ్చు, కింద నీళ్లలో చంద్రుడి దారి పొడుగ్గా పడుతుంది. సూత్రం ఒకటే: నదికి పడమటి గట్టున నిలబడాలి, అప్పుడే చంద్రుడు నీళ్ల అవతల లేస్తాడు. మీకు దగ్గరలో గోదావరి పాయ వైనతేయానికి అవతల పాశర్లపూడి వైపు గట్టు ఉంది. బోడసకుర్రు వంతెన దాటితే చాలు. మరో పాయ వశిష్ఠ మీద నరసాపురం వైపు ఒడ్డు ఇంకా విశాలం. కాకపోతే సఖినేటిపల్లి నుంచి పంటు (రేవు దాటించే బల్లకట్టు పడవ) మీద దాటాలి, ఆఖరి పంటు ఎన్నింటికో ముందే కనుక్కోండి. రాత్రి రేవులో నలభై మందితో చిక్కుపడితే ఆ అనుభవం చంద్రుణ్ణి మరిపిస్తుంది. రాజమహేంద్రవరంలో చుట్టాలున్నవాళ్లు పుష్కర ఘాట్‌లో నిలబడితే చంద్రుడు వెనక ఊరి మీద లేస్తాడు. గోదావరి దాటి కొవ్వూరు గోష్పాద క్షేత్రం వైపు వెళితే రెండున్నర కిలోమీటర్ల నీళ్ల అవతల, ఊరి దీపాల మీద లేస్తాడు. ఒకే నది, ఒకే చంద్రుడు, ఒడ్డు మారితే అంతా మారిపోతుంది.

ఒక్క మాట, ఎండాకాలం ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన గోదావరిలో చాలాచోట్ల ఇసుకే మిగులుతుంది. అప్పుడు సముద్రపు పోటు తగిలే నరసాపురం, యానాం లాంటి చోట్లే నిండుగా నీరు ఉంటుంది.

ఇంకో చోటు చెబుతాను, దీన్ని ఎవరూ పట్టించుకోరు. సంక్రాంతి ముందూ వెనకా దాళ్వా (రెండో పంట వరి) నాట్లకు దమ్ము చేసిన పొలాల్లో నీళ్లు నిలిపి ఉంచుతారు. తూర్పు వైపు చెట్లు అడ్డులేని పొలం గట్టున నిలబడండి. మడి మడికీ ఒక్కో చంద్రుడు ఉంటాడు. మీరు నడిస్తే మీతోపాటు గట్టు దాటి పక్క మడిలోకి దూకుతాడు. పిల్లలు దాన్ని తరుముతూ పరుగెత్తుతారు, కాబట్టి ముందే పొలం రైతుకు చెప్పి వెళ్లండి, నాటిన మడిలో కాళ్లు పెట్టనివ్వకండి. చేపల చెరువులు, రొయ్యల చెరువుల గట్లు మాత్రం వద్దు. ఏరేటర్ల కరెంటు తీగలుంటాయి, కాపలావాళ్లు మిమ్మల్ని చూసి హడలిపోతారు.

చోటు ఖాయం చేసేముందు ఒకరిద్దరు ముందు సాయంత్రం వెళ్లి చూసి రండి. చంద్రుడు ముందు రోజు అదే వైపు, దాదాపు గంట ముందుగా లేస్తాడు. ఏ చెట్టు అడ్డొస్తుందో, ఏ వీధిదీపం కళ్లల్లో కొడుతుందో తెలిసిపోతుంది. కోనసీమలో గ్యాసు బావుల దగ్గర మండే మంటలు కూడా చూసుకోవాలి. తూర్పున ఎర్రటి వెలుగు కనబడగానే చప్పట్లు కొట్టి, తీరా అది మంటని తేలితే నవ్వులపాలవుతారు.

సరే, అందరూ వచ్చి కూర్చున్నారు. ఏమి చూడాలి? సూర్యుడు దిగిన అయిదు నిమిషాలకు అందరినీ తూర్పుకు తిప్పండి. ఇది గట్టిగా చెప్పాల్సిన పని, పడమటి రంగులు అంత తేలిగ్గా వదలవు. తూర్పున నేలను ఆనుకుని బూడిద కలిసిన నీలం పట్టీ ఒకటి మెల్లగా లేస్తూ కనిపిస్తుంది, దాని పైన గులాబీ రంగు పట్టీ. ఆ నీలం భూమి నీడ. మనం నిలబడ్డ ఈ భూమి తన నీడను గాలి మీద వేస్తోంది. పిల్లలకు ఇది చెప్పినప్పుడు కాసేపు మాట్లాడరు. ఆ నీడ ఇంకా వెనక్కి, అంతరిక్షంలోకి పోతుంది. మామూలుగా పున్నమి చంద్రుడు దాని పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోతాడు, తప్పుకోలేని రోజు గ్రహణం. ఈ ఏడాది మార్చి 3 ఫాల్గుణ పౌర్ణమి నాడు మనకు చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడు, 6.47కు విడిచింది.

చంద్రోదయ సమయానికి ఏమీ కనిపించదు. ఇది ముందే చెప్పకపోతే జనం ఆగరు, “ఏడీ, ఏడీ” అని మొదలుపెడతారు. పంచాంగం చెప్పేది అంచు దిగంతానికి తాకే క్షణం. మన తీరంలో చలికాలం దిగంతం మీద ఎప్పుడూ మంచో, ఉప్పుతేమో, కోతలైన పొలాల పొగో ఉంటుంది. ఆ మసకలోంచి బయటపడడానికి అయిదు, పది నిమిషాలు పడుతుంది. కాబట్టి నలభై మందికీ చెప్పేటప్పుడు యాప్ చెప్పిన సమయానికి పది నిమిషాలు కలిపి చెప్పండి. ముందొస్తే సంతోషిస్తారు.

మొదట కనిపించేది ఇటుక రంగు మరక. అది గుండ్రంగా కూడా ఉండదు, అడ్డంగా నొక్కినట్టు ఉంటుంది. దిగంతం దగ్గర గాలి పొర వెలుగును వంచుతుంది, కింది అంచును పై అంచు కంటే ఎక్కువగా పైకి లేపుతుంది. అందుకని నిలువు కొలత ఆరోవంతు దాకా తగ్గిపోతుంది. బింబం మొత్తం దిగంతం దాటడానికి రెండు నిమిషాలకు కాస్త పైన పడుతుంది. అంతసేపు కళ్లు తిప్పకుండా చూస్తే చంద్రుడు కదలడం కళ్లారా తెలుస్తుంది. పైకి వెళ్లేకొద్దీ ఎరుపు రాగి రంగుకూ, పసుపుకూ మారి, అరగంటలో తెల్లబడిపోతుంది. నీలం వెలుగు దారిలోని గాలిలో చెదిరిపోయి ఎరుపే మన దాకా రావడం వల్ల ఈ రంగులు. సూర్యాస్తమయానికి చెప్పే కారణమే.

పెద్దగా కనిపించడం మాత్రం కంటి మాయ. చెయ్యి చాచి చిటికెన వేలు అడ్డం పెట్టమనండి, చంద్రుడు పూర్తిగా మూసుకుపోతాడు. రాత్రి పదింటికి నడినెత్తికి దగ్గరపడ్డాక మళ్లీ పెట్టమనండి, అంతే వేలు, అంతే చంద్రుడు. నిజానికి ఉదయించేటప్పుడు ఒకటిన్నర శాతం చిన్నగా ఉంటాడు, ఎందుకంటే నడినెత్తిన ఉన్నప్పటి కంటే అప్పుడు మనకు దాదాపు భూమి వ్యాసార్ధమంత, అంటే సుమారు 6,400 కిలోమీటర్లు, దూరంగా ఉంటాడు. మరి కంటికి ఎందుకు పెద్దగా కనిపిస్తాడు అంటే శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒక్క మాట మీదికి రాలేదు. వంగి కాళ్ల మధ్యనుంచి తలకిందులుగా చూస్తే పెద్దతనం తగ్గుతుందని కుర్రాళ్లకు చెప్పండి. నలభై మందిలో పదిహేను మంది వెంటనే వంగుతారు. ఆ సాయంత్రానికి అందరూ గుర్తుపెట్టుకునేది అదే కావచ్చు.

చంద్రుడిలో కుందేలును పెద్దవాళ్లు చూపిస్తారు. ఉదయించేటప్పుడు దాని చెవులు పైకి ఉంటాయి. తెల్లవారుజామున పడమట అస్తమించేటప్పుడు అదే కుందేలు తలకిందులు. లేచేటప్పుడు చంద్రుడి ఉత్తరం మనకు ఎడమన, దక్షిణం కుడిన ఉంటుంది. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దిగిన దక్షిణ ధ్రువ ప్రాంతం ఆ కుడి అంచు దగ్గర. వేలితో చూపించండి, చిన్నపిల్లలు లేచి నిలబడతారు. ఎవరి దగ్గరైనా బైనాక్యులర్ ఉంటే ఒక్కటి చాలు, వరసలో చూడనివ్వండి. టెలిస్కోపు తెచ్చి గుంపును దాని చుట్టూ మూగనివ్వడం నాకు నచ్చదు, ఒకరు చూస్తుంటే ముప్పై తొమ్మిది మంది వీపులు చూస్తారు.

ఫోను ఫొటోలు. ఎంత చెప్పినా తీస్తారు. రెండు మాటలు చెప్పండి. ఫ్లాష్ ఆపేయాలి, అది చంద్రుడి దాకా పోదు, పక్కవాడి కళ్లలోకి పోతుంది. తెరమీద చంద్రుణ్ణి వేలితో తాకి వెలుగు తగ్గిస్తే తెల్లటి చుక్క కాకుండా రంగు వస్తుంది. మనిషి పక్కన చంద్రుడు పెద్దగా రావాలంటే మనిషికి దగ్గరగా నిలబడితే రాదు, దూరం వెళ్లి జూమ్ చేయాలి. ఏ వస్తువైనా దాని ఎత్తుకు 115 రెట్ల దూరం నుంచి చూస్తే చంద్రుడితో సమానంగా కనిపిస్తుంది. అయిదున్నర అడుగుల మనిషికి దాదాపు 190 మీటర్లు. పదిహేను మీటర్ల కొబ్బరిచెట్టుకు కిలోమీటరున్నర దాటాలి.

గుంపు విషయం. చంద్రుడు కనబడ్డాక ఓ పావుగంట టార్చీలు, ఫోను లైట్లు ఏవీ వెలగకూడదని బస్సులోనే ఒప్పించండి. బస్సును లైట్లు మీ మీద పడకుండా ముఖం అటు తిప్పి ఆపమనండి, ఇంజను ఆపమనండి. దారి చూపడానికి ఒక్క టార్చికి ఎర్ర గాజు కాగితం చుట్టి ఒకరి చేతిలో పెట్టండి. గట్టు మీద చీకట్లో నడిచేటప్పుడు పాముల భయం ఉంటుంది, పిల్లల్ని పొదల్లోకి పోనివ్వకండి. పెద్దవాళ్లకు మడత కుర్చీలు, మిగిలినవాళ్లకు చాపలు. దోమలకు ఒంటికి పూసుకునే మందు తప్పనిసరి, డిసెంబరులో మంచు పడుతుంది కాబట్టి మఫ్లర్లు కూడా. ఆడవాళ్లకు మరుగుదొడ్డి సౌకర్యం ఉన్న చోటు దగ్గరలో ఉందో లేదో చూసుకోకుండా ఏ చోటూ ఖాయం చేయకండి. ఈ విషయం మగవాళ్లు ఎప్పుడూ ఆఖరున అడుగుతారు.

పోటు సంగతి మరచిపోకండి. పున్నమికీ అమావాస్యకూ పోటు పెద్దది. పున్నమి సాయంత్రం మన తీరంలో నీరు పెరుగుతూ ఉంటుంది, చాపలు పరిచిన ఇసుక గంటలో తడిసిపోవచ్చు. ఒడ్డున జాలర్లను అడిగితే ఆ రోజు పోటు ఎన్నింటికి నిండుతుందో చెబుతారు, వాళ్ల మాటకు మించిన యాప్ లేదు. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఎవరూ నీళ్లలో దిగకూడదు. పైకి నిదానంగా కనబడే ఆ నీటిలో లాగుడు వేరు. రాత్రిపూట పడవ ఎక్కుదామని ఎవరైనా ఉత్సాహపడితే మొహమాటం లేకుండా వద్దనండి.

మరి నవంబరు 24 ఏం చేయాలి? ఊళ్లోనే ఉండండి. అరటి దొప్పల్లో దీపాలు వదిలేవాళ్లు వదులుతారు, శివాలయంలో జ్వాలాతోరణం చూసేవాళ్లు చూస్తారు. భీమవరం వైపు బంధువులున్నవాళ్లు సోమారామం వెళతామంటారు. అక్కడి లింగాన్ని చంద్రుడే ప్రతిష్ఠించాడనీ, పున్నమికి తెల్లబడుతుందనీ భక్తుల నమ్మకం కాబట్టి ఆ రోజు ఆ గుడి కిటకిటలాడుతుంది. ఉపవాసం ఉన్నవాళ్లు చంద్రుడు కనబడ్డాక తినాలనుకుంటే ఆరింటికే మేడ మీద తెల్లగా కనబడతాడు, బస్సు ఎక్కి ఆకలితో ఎదురుచూడాల్సిన పని లేదు. చీకటి పడ్డాక బైనాక్యులర్ పెడితే చంద్రుడూ కృత్తికా నక్షత్రాలూ ఒకే చూపులో ఉంటాయి. కంటితో ఆ వెలుగులో చుక్కలు దొరకవు.

ఇక మబ్బు. కార్తికంలో తుఫాను భయం ఎలాగూ ఉంటుంది. పోయినేడు అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిన వారానికే కార్తిక పౌర్ణమి వచ్చింది. డిసెంబరు ఆఖరుకు ఆ బెడద చాలావరకు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మధ్యాహ్నం మూడింటికి తూర్పున మబ్బు కట్టి ఉంటే బయలుదేరకండి. చెదురుమదురుగా ఉంటే వెళ్లండి, మబ్బుల సందుల్లోంచి వచ్చే చంద్రుడు ఒక్కోసారి నిర్మలమైన ఆకాశంలో కంటే బాగుంటాడు. మర్నాడు 25కు వాయిదా వేస్తే చంద్రుడు మరో యాభై అయిదు, అరవై నిమిషాలు ఆలస్యంగా, బాగా చీకటి పడ్డాక వస్తాడు. సముద్రం మీద అదీ చూడదగ్గదే, కాకపోతే పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఇంకో నలుగురు కావాలి. బస్సుకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఈ ఒక్క రోజు మార్పు గురించి మాట్లాడుకోండి. తేగలు ఆ నెలలో బాగా దొరుకుతాయి, పులిహోరతోపాటు అవి కూడా ఉడికించి పెట్టుకోండి, తొక్కలు వేయడానికి ఒక సంచి కూడా.